ఆ ఏడాది ముఖం: సీనియర్ పోర్ట్రెయిట్ల గురించి పాఠకుల ప్రశ్నలు

అమెరికాలో హైస్కూలు చివరి ఏడాది, అంటే పన్నెండో తరగతి చదివే పిల్లలను సీనియర్లంటారు. ఆ ఏడాది తీసిన ఫోటో, అంటే సీనియర్ పోర్ట్రెయిట్, ఒకటి విద్యార్థుల ఫోటోలతో పాఠశాల ఏటా అచ్చువేసే ఇయర్‌బుక్‌లోకి వెళ్తుంది. ఇంట్లో దాచుకోవడానికి, ఊళ్ళో ఉన్న తాతయ్యలకూ అమ్మమ్మలకూ పంపడానికి విడిగా మరికొన్ని తీయించి ఆల్బమ్ చేయించుకుంటారు. ఈ ఆచారం అక్కడి కళాశాలల్లో మొదలైంది. 1860 ప్రాంతాల్లో మసాచుసెట్స్‌కు చెందిన జార్జ్ కె. వారెన్ అనే ఫోటోగ్రాఫరు హార్వర్డ్, యేల్ వంటి కళాశాలల్లో చదువు ముగిస్తున్న విద్యార్థులను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఫోటోలు తీసేవారు. ఒకే నెగటివ్ నుంచి ఎన్ని ప్రతులైనా వేయగలిగే వీలు అప్పటికే వచ్చి ఉన్నందువల్ల, విద్యార్థులు తమకు కావలసిన మిత్రుల ఫోటోలను తీసుకొని ఆల్బమ్‌లుగా కట్టించుకొనేవారు. ఇప్పుడది హైస్కూలు దాకా దిగింది. టెక్సాస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా వంటి చోట్ల స్థిరపడిన మన కుటుంబాలకూ ఇంటి వేడుకల్లో ఒకటైపోయింది. ఈ మధ్య వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం దీని గురించే కావడంతో ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే ఇస్తున్నాను. డాలస్ పరిసరాల్లో ఈ పని చేస్తూ నేను నేర్చుకున్నదే ఈ జవాబుల్లో ఉంది.

ప్రశ్న: మా అమ్మాయి వచ్చే ఆగస్టులో సీనియర్ అవుతుంది. స్కూలు తరఫున ఒక స్టూడియో నుంచి అపాయింట్‌మెంట్ కాగితం వచ్చింది. విడిగా మరో ఫోటోగ్రాఫర్‌ను కూడా పెట్టుకోవాలా? ఎప్పుడు తీయిస్తే బాగుంటుంది? ఇయర్‌బుక్ ఫోటోలో బొట్టు, జుంకాలు ఉండవచ్చా?
ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: స్కూలు స్టూడియో తీసే ఫోటో, మీరు విడిగా తీయించుకొనే ఫోటోలు రెండూ వేర్వేరు అవసరాల కోసం. ఇయర్‌బుక్‌లో వందల ముఖాలు పక్కపక్కన వస్తాయి కాబట్టి అందరికీ ఒకే నేపథ్యం, ఒకే కొలత, తల ఒకే ఎత్తులో ఉండాలని కోరుకుంటారు. అందుకే చాలా పాఠశాలలు ఒక స్టూడియోతో ఒప్పందం చేసుకుంటాయి. అమ్మాయిలకు భుజాల మీదుగా డ్రేప్ అనే నల్లని వస్త్రం, అబ్బాయిలకు టక్సీడో కోటు వేసి తీస్తారు. కొన్ని పాఠశాలలు బయటి ఫోటోగ్రాఫరు తీసినదాన్ని కూడా అంగీకరిస్తాయి, కొన్ని అంగీకరించవు. ఆ సంగతీ, గడువు తేదీ ఆ కాగితంలోనో స్కూలు వెబ్‌సైటులోనో ఉంటాయి. ముందు వాటిని చదవండి. గడువు దాటితే మీ అమ్మాయి పేరు ఎదుట ఖాళీ గడి అచ్చవుతుంది, దాన్ని తరువాత ఎవరూ నింపలేరు. కాబట్టి ఇంకేదీ కుదరకపోయినా స్కూలు అపాయింట్‌మెంటుకు మాత్రం వెళ్ళండి. అక్కడ పెద్ద ప్యాకేజీ కొనవలసిన నిర్బంధం సాధారణంగా ఉండదు. ఇయర్‌బుక్ ఫోటోకు ఎంత చెల్లించాలి, మిగతావాటికి ఎంత చెల్లించాలి అని విడివిడిగా అడగండి.

బొట్టును కాదన్న పాఠశాల నాకు ఇంతవరకు తగల్లేదు. అయితే రాళ్ళ బొట్టు పెట్టకండి. స్టూడియో ఫ్లాష్ దానికి తగిలితే నుదుటి మధ్య తెల్లని మెరుపు పడుతుంది, చిన్న సైజులో అచ్చయినప్పుడు అది మచ్చలా కనబడుతుంది. మామూలు స్టిక్కర్ బొట్టు చక్కగా వస్తుంది. చిన్న జుంకాలు ఫరవాలేదు. డ్రేప్ భుజాల దిగువకు వస్తుంది కనుక మెడ వెడల్పుగా ఉన్న లోపలి దుస్తులు వేసుకొమ్మనండి.

ఇంటి ఆల్బమ్ కోసం తీయించేవి ఎప్పుడన్నది మీ ఇష్టం. టెక్సాస్‌లో జులై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం పూట వద్దు. నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో పట్టు కట్టుకొన్న పిల్ల ముఖంలో అలసట తప్ప ఇంకేమీ కనబడదు. ఆ నెలల్లోనే తీయాలంటే పొద్దు పొడిచిన మొదటి గంటలో తీయండి. అక్టోబరు, నవంబరు సాయంత్రాలు మరీ మంచివి. బ్లూబానెట్ అనే నీలి పూల మధ్య కావాలనుకుంటే మార్చి చివరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఆగాలి. డాలస్‌కు దక్షిణాన ఎన్నిస్ ఊరి చుట్టుపక్కల అవి విరివిగా పూస్తాయి. పూలను తొక్కకుండా ఇప్పటికే ఉన్న కాలిబాటలో కూర్చోబెట్టండి. పూల కింద నిప్పుచీమల పుట్టలుంటాయి, ఒక్కోసారి పాములూ ఉంటాయి. కూర్చొనే ముందు కర్రతో తట్టి చూడటం నాకు అలవాటు.

ప్రశ్న: మా అబ్బాయి ఫోటోలు నేనే తీయాలనుకుంటున్నాను. నా దగ్గర కెమెరాతో వచ్చిన చిన్న జూమ్ లెన్సూ, ఒక 50 మి.మీ. లెన్సూ ఉన్నాయి. అబ్బాయికి కళ్ళజోడు ఉంది, ఎండలోకి వెళ్తే అద్దాలు నల్లబడతాయి. పైగా కెమెరా చూస్తే ముఖం ముభావంగా పెడతాడు. ఎంత చెప్పినా నవ్వడు.
ఒక తండ్రి, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: మీ దగ్గర ఉన్న సామాను చాలు. మీ కెమెరా చిన్న సెన్సారుదైతే 50 మి.మీ. లెన్సు ఇంచుమించు 75 మి.మీ. లెన్సు లాగా పనిచేస్తుంది, ముఖాలకు అది చక్కని కొలత. ముఖానికి మరీ దగ్గరగా వెళ్ళవద్దు. ఏడెనిమిది అడుగుల దూరంలో నిలబడండి. దగ్గరగా వెళ్ళి తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్లుగా వస్తాయి. అది లెన్సు తప్పు కాదు, దూరం తప్పు. ఫోనుతో చెయ్యి చాచి తీసుకొన్న ఫోటోల్లో ముఖం వేరుగా కనబడటానికి కారణం కూడా అదే. ఎపర్చరు ఎఫ్ 2.8 దగ్గర, షట్టరు సెకనులో 250వ వంతు దగ్గర ఉంచి, కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీద ఫోకస్ పెట్టండి. కెమెరాలో కంటిని వెతికే ఫోకస్ ఉంటే దాన్నే వాడండి. జేపెగ్‌తో పాటు, కెమెరా దిద్దకుండా భద్రపరచే రా ఫైలు కూడా దాచుకోండి. మేని రంగును తరువాత సరిచూసుకోవలసి వచ్చినప్పుడు అదే ఆదుకొంటుంది.

ఎండకు నల్లబడే అద్దాలకు ఆరుబయట మందు లేదు. చలిలో అవి మరింత నల్లబడతాయి కాబట్టి మీ ఊళ్ళో అక్టోబరు తరువాత ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. ఇంట్లో పెద్ద కిటికీ పక్కన కూర్చోబెట్టండి. అతినీల లోహిత కిరణాలను కిటికీ అద్దం కొంతవరకు ఆపుతుంది కనుక కళ్ళజోడు ఆరుబయటికంటే తేటగా ఉంటుంది. లేదా మామూలు అద్దాలున్న పాత కళ్ళజోడు పవరు సరిపోతే అదే పెట్టండి. కళ్ళజోడు తీసేయమని మాత్రం చెప్పకండి. రోజంతా కళ్ళజోడుతో ఉండే పిల్లవాడు అది లేకుండా తన ఫోటోలో తనకే కొత్తగా కనబడతాడు. అద్దాల మీద వెలుగు మెరుస్తుంటే గడ్డం కొద్దిగా దించమనండి. అదీ చాలకపోతే కళ్ళజోడు కాడలను చెవుల మీద అర అంగుళం పైకి లేపండి. అద్దాలు కిందికి వాలి ఆ మెరుపు నేల వైపు పోతుంది. కెమెరాకు ఈ తేడా తెలియదు.

ఇక నవ్వు సంగతి. "నవ్వరా" అన్న మాట ఆ పూటకు మీ నోట రానివ్వకండి. పదిహేడేళ్ళ పిల్లవాడు తండ్రి చెబితే నవ్వడు. నవ్వినా అది పళ్ళు చూపడమే అవుతుంది. చేతులకు పని ఇవ్వండి. నిరుడు ఒక అబ్బాయి ఫోటోలు తీయడానికి వెళ్ళినప్పుడు గంటసేపు కిందా మీదా పడ్డాను, ఒక్క మంచి ఫోటో రాలేదు. గది మూలన మృదంగం కనబడి, కచేరీకి ముందు శ్రుతి ఎలా చేస్తావో చూపించమన్నాను. అతడు నేల మీద కూర్చొని మృదంగాన్ని ఒళ్ళోకి తీసుకొని, రాయితో అంచు మీద తట్టి, మళ్ళీ వేళ్ళతో వాయించి, తల ఒక పక్కకు వాల్చి విన్నాడు. శ్రుతి కుదరలేదనుకొన్నప్పుడల్లా కింది పెదవిని ఒక చివర పంటితో నొక్కుకొనేవాడు. అప్పుడు మూడు ఫోటోలు తీశాను. తరువాత వాటిని చూసిన వాళ్ళమ్మ, చిన్నప్పుడు లెక్కలు చేసేటప్పుడు కూడా వీడు ఇలాగే పెదవి కొరుక్కొనేవాడని చెప్పి, ఆల్బమ్ మొదటి పేజీకి అదే కావాలన్నారు. నవ్వు లేని ఫోటో అది. మీ అబ్బాయి చేతికి ఏం అలవాటో మీకంటే ఎవరికి తెలుసు? క్రికెట్ బ్యాటో, కీబోర్డో, వంటింట్లో దోసె పెనమో ఏదైనా సరే. తీసిన ప్రతి ఫోటోనూ కెమెరా తెర మీద అతడికి చూపించకండి. చూసిన మరుక్షణం నుంచి అతడు జుట్టు సర్దుకోవడంలో పడతాడు.

ప్రశ్న: మా అమ్మాయి చామనఛాయ. ఎర్ర పట్టు లంగావోణీ కట్టుకొని, ఒక పార్కులో సీనియర్ ఫోటోలు తీయించుకొంది. వాటిలో లంగా మీద జరీ, నేత ఏమీ కనబడకుండా ఎర్రని ముద్దలా ఉంది. ముఖం ఒకచోట పచ్చగా, ఒకచోట నల్లగా ఉంది. ఫోటోగ్రాఫరును అడిగితే ముఖం తెల్లగా చేసి ఇస్తానంటున్నారు. సరేననమంటారా? బంధువుల్లో కొందరు కూడా అదే మంచిదంటున్నారు.
ఒక తల్లి, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: అనవద్దు. మీరు రాసిన లోపాలన్నీ వెలుగుకు సంబంధించినవి. మీ అమ్మాయి రంగులో లోపమేమీ లేదు. దిద్దవలసింది వెలుగును.

ముఖం పచ్చగా రావడానికి కారణం గడ్డి. ఎండ పడిన పచ్చికలోనో, చెట్టు కిందనో నిలబడితే ఆకుల రంగు కింది నుంచి గడ్డానికీ చెంపలకూ అంటుకొంటుంది. గచ్చు మీదో, లేతరంగు గోడ ఎదుటో నిలబెడితే అది పోతుంది. రిఫ్లెక్టరు వాడేవారు వెండి రంగుది కాక తెల్లనిది వాడాలి. వెండిది చామనఛాయ మీద జిడ్డు మెరుపు తెస్తుంది. ముఖం నల్లబడటానికి కారణం కెమెరా లెక్క. తన ఎదుట ఉన్నదంతా సగటున నడిమి బూడిద రంగులో ఉంటుందని కెమెరా మీటరు అనుకొంటుంది. వెనకాల తెల్లని ఆకాశం ఉంటే, దాన్ని బూడిద రంగుకు దించే ప్రయత్నంలో ముఖాన్నీ చీకటి చేస్తుంది. బూడిద రంగు కార్డును ముఖం పక్కన పట్టుకొని ఒక ఫోటో తీసి, దాని ప్రకారం ఎక్స్‌పోజరునూ (ఎంత వెలుగు పడాలో), వైట్ బ్యాలెన్సునూ (రంగుల తూకం) స్థిరపరిస్తే, ముఖం తన రంగులో తాను వస్తుంది. రెండు నిమిషాల పని అది.

ఎర్ర పట్టు సంగతి వేరు. ముదురు ఎరుపు మీద ఎండ పడినప్పుడు కెమెరాలో ఎరుపు రంగు భాగం మాత్రమే నిండిపోయి వివరం చెరిగిపోతుంది. మొత్తం వెలుగును చూపే గ్రాఫు, అంటే హిస్టోగ్రామ్, మామూలుగానే కనబడుతుంది కాబట్టి తీసేవారికి అనుమానం రాదు. మూడు రంగులను విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ పెట్టుకొని, ఎరుపు గీత కుడి అంచుకు గుద్దుకొంటుంటే ఎక్స్‌పోజరును స్టాపులో (వెలుగును కొలిచే మెట్టులో) మూడో వంతో, మూడింట రెండు వంతులో తగ్గించాలి. కాంచీపురం పట్టు, గద్వాల, పోచంపల్లి ఏది కట్టినా ఇదే జాగ్రత్త. జరీకి ఎదురుగా ఫ్లాష్ కొడితే తెల్లని గీతగా మారిపోతుంది. పక్క నుంచి వచ్చే మెత్తని వెలుగులో, అంటే వరండాలోనో, పెద్ద కిటికీ దగ్గరో నిలబెడితే పోగుపోగూ లెక్కపెట్టుకోవచ్చు. మీ ఫోటోగ్రాఫరు దగ్గర రా ఫైళ్ళు ఉంటే ఎరుపులో కొంత వివరం ఇంకా తిరిగి రాగలదు. ముఖం తెల్లగా చేయమని కాక, రా ఫైళ్ళ నుంచి రంగు సరిచేసి ఇమ్మని అడగండి. రాదంటే మళ్ళీ ఒక అరగంట తీయమనండి. అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు.

ఈ సమస్యకు పాత చరిత్ర ఉంది. కోడాక్ వారు ఫోటో ల్యాబులకు రంగులు సరిచూసుకోవడానికి పంపిన నమూనా కార్డులను షిర్లీ కార్డులనేవారు. దశాబ్దాల పాటు వాటి మీద ఉన్నది తెల్లజాతి యువతి ముఖమే. ఆమె ముఖం బాగా వస్తే రంగు కుదిరినట్లు లెక్క. వేర్వేరు మేని రంగుల స్త్రీలున్న కార్డు వచ్చేసరికి 1990ల నడుమ అయింది. అంటే మన పెద్దల స్కూలు ఫోటోల్లో ముఖాలు మసిబారినట్లు ఉండటానికి వాళ్ళ రంగు కారణం కాదు. రంగును కొలిచే కొలబద్దే వాళ్ళ కోసం చేసింది కాదు. ఇవాళ కెమెరాలు మెరుగుపడ్డాయి. అయినా ముఖాన్ని తెల్లబరచడమే అందమన్న అలవాటు మన ఇళ్ళలోనూ, కంప్యూటరు ముందు కూర్చొని ఫోటోలు దిద్దేవారిలోనూ మిగిలే ఉంది.

ఇది నేనూ చేశాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక తల్లి అడిగారని వాళ్ళమ్మాయి ముఖం ప్రతి ఫోటోలోనూ రెండు మెట్లు తెల్లగా చేసి ఆల్బమ్ వేయించాను. ఇవ్వడానికి వెళ్ళిన రోజున ఆ పిల్ల సోఫాలో కూర్చొని పేజీలు తిప్పుతూ, ఒక పేజీ దగ్గర ఆగి, తన ముంజేతిని ఆ ముఖం పక్కన పెట్టి చూసుకొంది. ఏమీ అనలేదు. చెయ్యి వెనక్కి తీసుకొని తక్కిన పేజీలు త్వరత్వరగా తిప్పేసింది. ఆ ఆల్బమ్‌ను వెనక్కి తెచ్చుకొని, అసలు రంగుతో నా ఖర్చు మీద మళ్ళీ వేయించి ఇచ్చాను. అప్పటి నుంచి నా ఒప్పందపత్రంలో మేని ఛాయ మార్చనని ఒక వాక్యం రాసి ఉంటుంది. అది చదివి వేరేవారి దగ్గరకు వెళ్ళిన కుటుంబాలు కూడా ఉన్నాయి. వెళ్ళనివ్వండి.

మరి ఏది దిద్దవచ్చు? ఈ పనిలో చాలామంది పాటించే ఒక పద్ధతి నాకూ నచ్చింది. రెండు వారాల్లో దానంతట అది పోయేదాన్ని తీసేయవచ్చు, ఉండిపోయేదాన్ని ఉంచాలి. మొటిమ, దోమకాటు, పెదవి మీద పగులు తీసేయవచ్చు. పుట్టుమచ్చ, చిన్ననాటి గాటు, ముక్కు ఆకారం, రంగు తీయకూడదు. దంతాలకు కట్టిన తీగల గురించి అడిగేవారుంటారు. అవి పిల్లల ఇష్టం, వాళ్ళనే అడగండి. ఉంచమనేవారే ఎక్కువ.

ప్రశ్న: మా పిల్లల స్నేహితులంతా రైలు పట్టాల మీద నిలబడి ఫోటోలు తీసుకొంటున్నారు. మా ఊరి దగ్గర ఎప్పుడూ రైలు రాని పట్టాలున్నాయి. అక్కడ తీయవచ్చా?
ఒక పాఠకుడు, నేపర్‌విల్, ఇల్లినాయ్

జవాబు: తీయకూడదు. పట్టాలు రైల్వే కంపెనీల సొంత ఆస్తి, అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరం. అంతకంటే ముఖ్యం ప్రాణం. గంటకు 55 మైళ్ళ వేగంతో వచ్చే గూడ్సు రైలు బ్రేకు వేశాక ఆగడానికి ఒక మైలు, అంతకంటే ఎక్కువ దూరం కూడా పడుతుంది. బండి పట్టాలకు ఇరువైపులా మూడడుగుల మేరకైనా బయటికి ఉంటుంది కనుక పక్కన నిలబడితే చాలుననుకోవడం కూడా పొరపాటు. ఎదురుగా వచ్చే రైలు చప్పుడు మనం అనుకొన్నంత ముందుగా వినబడదు. రైలు రాదనుకొన్న పట్టాల మీద రైలు వస్తుంది. 1972లో ఐడహోలో మొదలైన ఆపరేషన్ లైఫ్‌సేవర్ అనే సంస్థ ఈ ప్రమాదాల గురించి చెబుతూనే ఉంది. రైలే కావాలంటే మీకు దగ్గరలోనే యూనియన్ ఊళ్ళో ఇల్లినాయ్ రైల్వే మ్యూజియం ఉంది. ముందుగా అనుమతి అడిగి, నిలిపి ఉంచిన పాత పెట్టెల దగ్గర తీసుకోండి.

ప్రశ్న: నేను హెచ్-4 వీసా మీద ఉన్నాను. ఫోటోగ్రఫీ నేర్చుకొన్నాను. వారాంతాల్లో తెలిసినవారి పిల్లలకు సీనియర్ ఫోటోలు తీసి డబ్బు తీసుకోవచ్చా?
ఒక పాఠకురాలు, ఆస్టిన్, టెక్సాస్

జవాబు: మీకు పని చేసే అనుమతి కార్డు, అంటే ఈఏడీ, ఉంటే తీసుకోవచ్చు. లేకపోతే వద్దు. తెలిసినవారే కదా, చేతికే ఇస్తున్నారు కదా అనుకోకండి. నగదు అయినా, ఆన్‌లైన్ చెల్లింపు అయినా, కెమెరా సామాను రూపంలో అయినా ప్రతిఫలం ప్రతిఫలమే. అనుమతి లేని పని తరువాత గ్రీన్ కార్డు దశలో అడ్డం తిరిగే అవకాశం ఉంది. గ్రీన్ కార్డు ప్రక్రియలో ఒక దశ దాటిన హెచ్-1బి ఉద్యోగుల జీవిత భాగస్వాములకు 2015 నుంచి ఈఏడీకి వీలు కలిగింది. మీకు వర్తిస్తుందో లేదో ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడిగి తెలుసుకోండి. కార్డు వచ్చేదాకా మీ ఇంటి పిల్లల ఫోటోలు తీస్తూ చేయి తిరగనివ్వండి.

అనుమతి ఉన్నప్పుడు కూడా రెండు సంగతులు. టెక్సాస్‌లో ఫోటోల మీద అమ్మకపు పన్ను వసూలు చేసి కట్టాలి, అందుకు రాష్ట్రం నుంచి పర్మిట్ తీసుకోవాలి. రెండోది, సీనియర్లలో చాలామందికి పద్దెనిమిదేళ్ళు నిండవు. వాళ్ళ ఫోటోను మీ ఇన్‌స్టాగ్రామ్‌లోనో ప్రకటనలోనో పెట్టాలంటే తల్లి లేదా తండ్రి సంతకం కావాలి. చట్టం పెద్దవారిగా లెక్కించే ఈ వయసు అలబామా, నెబ్రాస్కాల్లో 19, మిసిసిపీలో 21. సంతకం ఉన్నా పిల్లలను కూడా అడగండి. స్కూలు పేరు కనబడే జాకెట్టు, కారు నంబరు ఉన్న ఫోటోలను బయట పెట్టకండి.

ప్రశ్న: మా అబ్బాయి ఫోటోలు డిజిటల్ ఫైళ్ళుగా ఇచ్చారు. సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు విజయవాడలో కరిజ్మా ఆల్బమ్ (ఫోటోలను నేరుగా మందపాటి పేజీల మీద అచ్చువేసేది) వేయించుకోవాలనుకొంటున్నాము. డబ్బు మేమే ఇచ్చాము కాబట్టి ఫోటోలు మావే కదా? ఎలా వేయిస్తే బాగా వస్తుంది?
దంపతులు, షార్లట్, నార్త్ కరోలినా

జవాబు: ఇక్కడ రెండు దేశాల చట్టాలూ రెండు రకాలు. భారతదేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, మీరు డబ్బిచ్చి తీయించుకొన్న ఫోటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు మీదే. మన ఊరి స్టూడియోలో తీయించుకొన్న అలవాటుతో ఇక్కడా అంతేననుకొంటాము. అమెరికాలో అలా కాదు. రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప, హక్కు ఫోటో తీసినవారి దగ్గరే ఉంటుంది. మీకు ఇచ్చేది వాడుకొనే అనుమతి. ప్రింటు వేయించుకోవడానికి అనుమతించే కాగితాన్ని ప్రింట్ రిలీజ్ అంటారు. ఫైళ్ళతో పాటు అది వచ్చిందేమో చూడండి. రాకపోతే ఒక ఈమెయిలు రాసి అడగండి, చాలామంది ఇస్తారు.

విజయవాడ, హైదరాబాదు ల్యాబులు ఆల్బమ్‌లు బాగా వేస్తాయి. పెళ్ళిళ్ళ వల్ల వాళ్ళకు పట్టు, బంగారం రంగులు చేయి తిరిగిన పని. అయితే పెళ్ళి ఆల్బమ్‌కు అలవాటైన పద్ధతిలోనే వదిలేస్తే, మీ అబ్బాయి ముఖం చుట్టూ గులాబీలు, మబ్బులు, అదే ఫోటో లేతగా మళ్ళీ వెనకాల వస్తాయి. డిజైన్ ఏమీ వద్దనీ, తెల్లని పేజీ మీద ఫోటో మాత్రమే కావాలనీ, ముఖం రంగు మార్చవద్దనీ రాసి ఇవ్వండి. నోటిమాటగా చెబితే మరచిపోతారు. అక్కడ ఎక్కువగా వాడే షీటు 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు ఉంటుంది, అంటే తెరిస్తే ఒక్కో వైపు 18 అంగుళాలు. 24 మెగాపిక్సెళ్ళ ఫోటో 6000 పిక్సెళ్ళ వెడల్పు ఉంటుంది కాబట్టి ఒక వైపు నిండా వేస్తే అంగుళానికి 300కు పైగా వచ్చి స్పష్టంగా ఉంటుంది. రెండు వైపులా పరిస్తే 170 కూడా రాదు. అలా పరిచినప్పుడు ముఖం నడిమి మడతలో పడకుండా కూడా చూసుకోవాలి. ఫైళ్ళను పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది ఫైలును కుదించేస్తుంది. తప్పనిసరైతే డాక్యుమెంటుగా పంపండి. రంగుల పద్ధతి ఎస్ ఆర్ జీ బీలో ఉండాలి. మొత్తం వేయించే ముందు ఒక్క షీటు నమూనాగా వేయించి పగటి వెలుగులో చూడండి. ల్యాబు ట్యూబులైటు కింద చూసి సరేననవద్దు.

ఎన్ని ఫోటోలు పెట్టాలని మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఇరవై, ముప్ఫై దాటనివ్వకండి. ఒకే భంగిమలో ఉన్న నాలుగింటిలో ఒకటి చాలు. ఆ మిగిలిన చోటులో అతడి గది, బల్ల, బూట్లు, చెల్లెలితో పోట్లాడుతున్నది పెట్టండి. కాలేజీకి వెళ్ళాక ఆ గది అలాగే ఉండదు.

ప్రశ్న: అమెరికా నుంచి మా మనవరాలి సీనియర్ ఆల్బమ్ పంపారు. ఒక పెద్ద ఫోటో కూడా వచ్చింది. మాది సముద్రానికి దగ్గర ఊరు, తేమ ఎక్కువ. పాత ఫోటోలన్నీ బూజు పట్టి అద్దాలకు అతుక్కుపోయాయి. ఇవి అలా కాకుండా ఉండాలంటే ఏం చేయాలి?
ఒక తాతగారు, మచిలీపట్నం

జవాబు: తాతగారూ, పెద్ద ఫోటోను ఫ్రేము కట్టించేటప్పుడు ఫోటోకూ అద్దానికీ మధ్య మందపాటి అట్టతో చుట్టూ అంచు పెట్టమని చెప్పండి. దాన్ని మౌంటు అంటారు, ఫ్రేము కట్టేవాళ్ళకు తెలుసు. అద్దం ఫోటోకు తగలకుండా ఆ సందు ఉంటే అతుక్కోదు. వర్షాకాలంలో చెమ్మ దిగే బయటి గోడకు కాక ఇంటి లోపలి గోడకు, ఎండ నేరుగా పడని చోట వేలాడదీయండి. ఆల్బమ్‌ను పెట్టెతో సహా బీరువాలో నడిమి అరలో పడుకోబెట్టి, సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు పక్కన ఉంచి, అవి తేమ పీల్చుకొన్నాక మార్చండి. మెత్తని ప్లాస్టిక్ సంచిలో చుట్టకండి. లోపల తేమ చిక్కుకుపోతుంది, వాటిలో కొన్ని రకాల ప్లాస్టిక్ ఫోటోను పాడుచేస్తుంది కూడా. నెలకొకసారి బయటికి తీసి పొడి చేతులతో పేజీలు తిప్పితే గాలి ఆడుతుంది. ఎవరైనా వచ్చినప్పుడల్లా చూపిస్తూ ఉంటే ఆ పని దానంతట అదే జరిగిపోతుంది.

పాత ఫోటోలను అద్దం నుంచి పీకే ప్రయత్నం చేయకండి, పైపొర ఊడి వస్తుంది. అద్దంతో సహా, మెరుపు పడకుండా పక్క వెలుగులో మంచి కెమెరాతో ఫోటో తీయించి కొత్తగా ప్రింటు వేయించుకోండి.

ఆల్బమ్ చివరి అట్ట లోపలి వైపు సాధారణంగా ఖాళీ ఉంటుంది. అక్కడ మనవరాలి పూర్తి పేరు, ఊరు, స్కూలు, ఏ నెలలో తీశారో, ఆమె కట్టుకొన్న లంగావోణీ ఎవరు కొన్నారో మీ చేతిరాతతో రాసి, కింద తేదీ వేయండి.